పువ్వు కాదు, వేరు

నా పేరు సూర్యకుమారి. ఈ పేరు పెట్టినవాళ్లని నేను చాలాకాలం క్షమించలేదు. ఇండియాలో ఉన్నంతవరకు అది ఒట్టి పాతపేరు. ఒమన్ వచ్చాక రెండు ముక్కలైంది. పాస్‌పోర్టులో సూర్య ఒక గీతలో, కుమారి ఇంకో గీతలో అచ్చవడంతో సలాలాలో ఆస్పత్రివాళ్లు, బ్యాంకువాళ్లు అందరూ నన్ను మిస్ కుమారి అనేవారు. ఎనిమిదో నెల కడుపేసుకుని నలుగురిలో కూర్చున్నప్పుడు ఎవరో వచ్చి మిస్ కుమారి ఎవరని అడిగితే లేచి నిలబడటం ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుస్తుంది.

అందుకే నా బిడ్డకి ఎవరికీ లేని పేరు పెట్టాలని కంకణం కట్టుకున్నాను. మస్కట్‌లో ఉన్న మా స్నేహితులు అప్పటికే కూతురికి అనూహ్య అని పెట్టుకున్నారు. ఫోనులో ఆ మాట విన్నరోజు నాకు అన్నం సయించలేదు. వాళ్లకి తట్టింది నాకెందుకు తట్టలేదని ఏడుపు. పేర్ల పుస్తకాలు రెండు తెప్పించుకుని ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి చదివాను. అచ్చులో ఉందంటే అప్పటికే పదివేలమంది చదివి ఉంటారు కదా, ఇక అది ఎవరికీ లేని పేరెలా అవుతుందని వాటినీ అవతల పడేశాను.

మా ఆయన రామ్మోహన్‌గారికి ఈ వెతుకులాట లేదు. రైసూత్ పోర్టులో మెకానికల్ ఇంజనీరు. డ్యూటీ నుంచి వచ్చి అన్నం తింటూ ఒకసారి, ఆడపిల్ల అయితే అమ్మ పేరు పెడదాం అన్నారు. సుబ్బలక్ష్మమ్మ. ఆయన ఏ మాటైనా ఒక్కసారే అంటారు. వినకపోతే రెండోసారి అడగరు. అది మంచితనమని పెళ్లయిన కొత్తల్లో మురిసిపోయాను గానీ, అలాంటి మనిషితో కాపురం కష్టమని తర్వాత తెలిసింది.

ఆయన ఎందుకడిగారో నాకు తెలియక కాదు. మా అత్తగారు తొంభై అయిదులో పోయారు. టెలిగ్రాం వచ్చేనాటికే మూడు రోజులైంది. పాస్‌పోర్టు వీసా రెన్యూవల్ కోసం ఆఫీసుల్లో తిరుగుతోంది. అది చేతికొచ్చేసరికి పన్నెండోరోజు కూడా దాటిపోయింది. ఒక్కడే కొడుకు. పోర్టు దగ్గర మంగలిషాపులో గుండు చేయించుకుని, నేను వండిన అన్నం ముద్దలు చేసి రైసూత్ సముద్రంలో వదిలి, మర్నాడు డ్యూటీకి వెళ్లిపోయారు. ఆ టెలిగ్రాం మాత్రం ఆయన పర్సులో ఉండిపోయింది. మడతల దగ్గర చిరిగితే ప్లాస్టర్ అంటించి మళ్లీ పెట్టుకున్నారు. ఇంట్లో ఆ పేరుతో ఒక మనిషిని పిలుచుకోవాలని ఆయనకి ఉండటంలో తప్పేముంది?

తప్పు లేదు. కానీ నాకు ఇష్టం లేదు. బళ్లో సుబ్బీ అని ఏడిపిస్తారని పైకి చెప్పాను. అసలు సంగతి వేరు.

తొంభై మూడులో మా పెళ్లయ్యాక బందరులో అత్తగారింట్లో నాలుగంటే నాలుగే రోజులున్నాను. పెళ్లికొడుకువాళ్లది పెడన, బట్టల వ్యాపారం చేసేవారు, ఇప్పుడు బందరులో ఉంటున్నారని మధ్యవర్తి మాకు చెప్పాడు. అత్తగారు సన్నగా, నెమ్మదిగా ఉండేవారు. భర్త పోయి అప్పటికే పదిహేనేళ్లు. మొదటిరోజు ఆవిడ అన్నం వడ్డిస్తుంటే చేతులు చూశాను. గోళ్లు ఎర్రగా, అరచేతి గీతలు ఎర్రగా ఉన్నాయి. విధవరాలు గోరింటాకు పెట్టుకోవడమేమిటని నాకు ఆశ్చర్యం. నా నోరు ఊరుకోదు కదా. పక్కింటివాళ్లు ఇద్దరు కూర్చుని ఉండగానే, "అత్తయ్యా, గోరింటాకు పెట్టుకున్నారా?" అని అడిగేశాను.

ఆవిడ చేతులు పైటలో దాచుకుని, "లేదమ్మా" అన్నారు. అంతే. తర్వాత మూడురోజులూ గరిటె పట్టుకున్నా సరే పైటచెంగు చేతికి చుట్టుకునే పట్టుకున్నారు. నేను మా అమ్మకి ఉత్తరం రాస్తూ, ఈవిడకి ఈ వయసులో సోకులు పోలేదని కూడా రాశాను. ఆ పేరు వింటే నాకు ఆ దాచుకున్న చేతులే గుర్తొచ్చేవి. అలాంటి మనిషి పేరు నా కూతురికి ఎందుకనుకున్నాను.

తొంభై ఏడు ఆగస్టులో పాప పుట్టింది. సలాలాలో అది తుంపర్ల కాలం. కొండలన్నీ పచ్చబడి, మస్కట్ నుంచి జనం చూడ్డానికి వస్తారు. ఇంట్లో బట్టలు మాత్రం ఆరవు. కాన్పుకి సాయంగా మా పైవాటాలో ఉండే ఖుష్నుమా దిగేది. కడప ఆడపిల్ల. వాళ్లాయన ఇర్షాద్ పోర్టులోనే క్రేన్ నడుపుతాడు. పాపకి నీళ్లు పోసి, సాంబ్రాణి వేసి, నాకు కారప్పొడి దంచిపెట్టి మరీ పైకెళ్లేది. మా అమ్మ వచ్చి ఉంటే ఇంత చేసేదో లేదో.

పంచాంగం చూస్తే పాపది ధనిష్ఠ మొదటిపాదం, 'గా' అక్షరం వచ్చింది. నాకు కొమ్ములొచ్చాయి. నక్షత్రం ప్రకారం గా రావాలండీ, సుబ్బలక్ష్మి కుదరదు అని మా ఆయనకి చెప్పేశాను. నక్షత్రాల మీద నాకు అంతకుముందు ఏపాటి నమ్మకముందో ఆయనకి తెలుసు. అయినా సరే అన్నారు. ఇరవై ఒకటో రోజు బారసాల. ఈలోగా ఆస్పత్రి కాగితానికి పేరివ్వాలి. గాయత్రి ఊరంతా ఉంది. గా తో ఎవరికీ లేని పేరు ఎక్కణ్ణుంచి తేవడం?

అప్పుడు దొరికింది మేడం లలీ. మా వెనకవీధిలో విల్లాలో ఉండే ఫ్రెంచావిడ. అరవై దాటాయి. వాళ్లాయన పోర్టు విస్తరణ పనికి వచ్చిన ఇంజనీరు. ఒకరోజు మా ఇంట్లో పోపు వాసనకి తలుపు తట్టి, ఈ ఆకు ఏమిటని కరివేపాకు రెమ్మ పట్టుకెళ్లిన దగ్గర్నుంచి మాకు స్నేహం. ఆవిడ ఇంగ్లీషు అంతంతమాత్రం, నాది ఇంకాస్త మాత్రం. కనక ఇద్దరికీ బాగా కుదిరింది.

పేరు కోసం నేను పడుతున్న అవస్థ చెబితే ఆవిడ పెద్దగా నవ్వింది. తన అసలు పేరు యూలాలీ అట. చక్కగా మాట్లాడేది అని అర్థమట. గ్రీకుల మాట. వాళ్లకి ఏడాదిలో ప్రతి రోజుకీ ఒక పుణ్యాత్ముడో పుణ్యాత్మురాలో ఉంటారు. ఆ రోజు పుట్టినవాళ్లకి ఆ పేరు పెట్టడం పాత అలవాటు. మా తిథీ నక్షత్రం లాంటిదే. నాలుగేళ్ల క్రితం దాకా వాళ్ల దేశంలో తోచిన పేరల్లా పెట్టడానికి కూడా లేదట, రిజిస్టరు రాసే అధికారి ఒప్పుకోవాలట. బళ్లో అందరూ మారీలు, మోనిక్‌లు అయితే తనొక్కతీ ముసలమ్మ పేరుతో ఏడ్చి, పదేళ్లప్పుడే దాన్ని సగానికి కోసి లలీ చేసుకుందట. మొన్న ఆవిడ కూతురు తన పాపకి యూలాలీ అని పెట్టిందని చెప్పింది. ఇప్పుడు పారిస్‌లో అమ్మలందరూ ఎవరికీ లేని పేరు కావాలని ముత్తవ్వల పేర్లు తవ్వి తీస్తున్నారట.

"పేరుని రెండు తరాలు పెట్టెలో పడేస్తే చాలు, కొత్తదైపోతుంది" అంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదని మా సామెత చెప్పాను. తన పేరుకి అంతకంటే మంచి అర్థం ఎవరూ చెప్పలేదని కాగితం మీద రాయించుకుంది.

అలా వారంరోజులు, పాప నిద్రపోయే వేళకి వచ్చి ఆవిడ పేర్లు చెబుతుంటే నేను నోరు తెరుచుకుని వినేదాన్ని. అపొలీన్ అని ఒక పేరు. ఆ పుణ్యాత్మురాలి పళ్లు రాలగొట్టి చంపారట. అందుకని పంటినొప్పి వస్తే ఆవిడకి మొక్కుకుంటారట. కపుసీన్ అంటే ఒక నారింజరంగు పువ్వు. సన్యాసుల ముసుగులా వెనక కోసుగా ఉంటుందని దానికా పేరు, దాన్నుంచి ఆడపిల్లలకీ వచ్చింది. సిడోనీ అంటే సీదోను ఊరి పిల్ల అని. ఆ ఊరు లెబనాన్‌లో ఉంది, అరబ్బులు సైదా అంటారు. మా ఆయన ఆఫీసులో లెబనాన్ మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన ఊరి మట్టి ఫ్రెంచి ఆడపిల్లల పేరులో ఉందంటే నాకు ఒళ్లు పులకరించింది. ఎవరో ఎప్పుడో పొట్ట చేతపట్టుకుని ఒక ఊరినుంచి ఇంకో ఊరికి పోతారు. వాళ్లు మిగలరు, పేరు మాత్రం అక్కడ పిల్లల్ని కంటూ ఉంటుంది. మేము చేస్తున్నదీ అదేగా అనిపించి, చంకలో పిల్ల మీద జాలేసింది.

గా తో ఏమైనా ఉందా అని అడిగాను.

"గారాన్స్" అంది ఆవిడ.

ఆ మాట గొంతులో పుట్టి ముక్కులోకి వెళ్లి ఆగిపోయింది. మళ్లీ అనమన్నాను. మళ్లీ అంది. అదే నా కూతురి పేరని నాకు తెలిసిపోయింది. అర్థం కూడా ఆవిడే చెప్పింది. అది ఒక మొక్క. దాని వేరులో ఎర్రరంగు ఉంటుంది. వాళ్ల ఊరు అవిన్యోన్ చుట్టుపక్కల ఒకప్పుడు పొలాలకి పొలాలే ఆ పంట ఉండేదట. సైన్యంలో వాళ్ల ఎర్ర పంట్లాలకి ఆ రంగే. తర్వాత రసాయనాల రంగు కనిపెట్టారు. కొద్ది ఏళ్లలో పొలాలన్నీ బీడుపడిపోయాయి. వాళ్ల ముత్తాత ఆ దెబ్బకే పొలం అమ్ముకున్నాడట.

"పంట పోయింది, పేరు మిగిలింది" అంది.

నేను సగం విన్నాను. పేరు దొరికిన సంతోషంలో ఉన్నాను. వేరు అన్నమాట మాత్రం కాస్త చివుక్కుమనిపించింది. వేరంటే ఏం బాగుంటుంది? సాయంత్రం మా ఆయన అర్థమేమిటని అడిగితే, "ఏదో ఎర్ర పువ్వటండీ, ఫ్రాన్సులో పూస్తుందట" అన్నాను. అబద్ధం అనుకోలేదు. వేరున్నచోట పువ్వుండదా ఏమిటి!

ఆయన కాసేపు పాప వంక చూశారు. బాగుంది, నీ ఇష్టం అన్నారు. మర్నాడు ఆస్పత్రికి వెళ్లి కాగితంలో రాయించుకొచ్చేశారు కూడా. పర్సులోంచి ఆస్పత్రి రసీదు తీసి ఇస్తుంటే వెనకాల టెలిగ్రాం మడత కనపడింది. నాకు ఆ క్షణాన గెలిచినట్టు అనిపించాలి. అనిపించలేదు. అయినా పేరు మార్చుదామని మాత్రం నా నోటివెంట రాలేదు. ఖుష్నుమా అయితే మొహం మీదే అడిగింది, "ఏందక్కా ఈ పేరు? మీ అత్త పేరు అంత సక్కంగా ఉండె. మా ఇండ్లల్లో దాదీ పేరు ఉంచితే ఇంటికి బర్కత్, కలిసొస్తది అంటారు." ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అని నేను సామెత విసిరాను. పేరుతో ఏం ఒరుగుతుందని నా ఉద్దేశం. మూడు నెలలనుంచి పేరుకోసం ప్రాణం తీస్తున్నది నేనే అని ఖుష్నుమా అనలేదు. మంచిపిల్ల.

బారసాల శుక్రవారం పొద్దున. సలాలాలో ఉన్న తెలుగు కుటుంబాలు నాలుగూ వచ్చాయి. పురోహితుడు లేడు. వాళ్లలో పెద్దాయన ఒకరు పుస్తకం చూసి మంత్రాలు చదివారు. పళ్లెంలో బియ్యం పోసి నేల మీద పెట్టాను. తండ్రి ఉంగరంతో ఆ బియ్యంలో పేరు రాసి, మూడుసార్లు బిడ్డ చెవిలో చెప్పాలి. మా ఆయన ఉంగరం తీసి పట్టుకుని కూర్చున్నారు. పాప నా ఒళ్లో ఉంది.

అప్పుడు వచ్చింది మేడం లలీ, తుంపరకి తడిసిన గొడుగుతో. బిడ్డకి బహుమతని ఒక గుడ్డసంచీ మా ఆయన చేతిలో పెట్టింది. సూక్ బజారులో సాంబ్రాణి అమ్మే ఆడవాళ్ల దగ్గర వారంనుంచి వెతుకుతుంటే నిన్న దొరికిందట. ఇదే మీ పాప పేరు, ఇదే గారాన్స్ అంది.

ఆయన విప్పారు. లోపల పువ్వు లేదు. ఎండిన సన్నటి వేళ్లు, పుల్లల్లాంటివి. నా గుట్టు బయటపడిందని నేను తల దించుకున్నాను. కానీ ఆయన నా వంక చూడలేదు. ఒక పుల్ల తీసి విరిచారు. లోపల ఎర్రగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. కళ్లు మూసుకున్నారు.

"ఇది మంజిష్ఠ" అన్నారు. తర్వాత నా వంక తిరిగి, "సూర్యా, మాకు బట్టల వ్యాపారం లేదు."

నాకు అర్థం కాలేదు.

"పెడనలో అద్దకం షెడ్డుంది. అక్కడ మా అమ్మ కూలికి చేసేది. నాన్న పోయిందగ్గర్నుంచి. రాగికాగులో ఈ వేరు ఉడుకుతుంటే గుడ్డలు కర్రతో తిప్పుతా నిలబడేది, పొద్దుట్నించి. బడి నుంచి నేను అక్కడికే పోయేవాణ్ణి. నా ఇంజనీరింగంతా ఈ వేరే. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉండేవి. మన పెళ్లికి ముందు పదిరోజులు పనిలోకెళ్లలేదు. చింతపండేసి, ఇటుకముక్కేసి తోముకుంది. గోళ్లల్లోది పోలేదు. పిల్ల తరపువాళ్లకి తెలిస్తే నామోషీరా, చెప్పకు అని నా చేత ఒట్టేయించుకుంది."

ఆయన ఏడవలేదు. ఆ విరిచిన పుల్ల అరచేతిలో పెట్టుకుని దాని వంకే చూస్తున్నారు. మంగలిషాపులో, సముద్రం ఒడ్డున, టెలిగ్రాం వచ్చిననాడు ఎక్కడా కనపడని దుఃఖం ఆయన మొహంలో అప్పుడు చూశాను.

నా సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. పక్కింటివాళ్ల ముందు గోరింటాకా అని నేనడిగిన మాట, పైటలోకి వెళ్లిపోయిన చేతులు, చెంగు చుట్టి పట్టుకున్న గరిటె, మా అమ్మకి రాసిన ఉత్తరం, అన్నీ వచ్చి మీద పడ్డాయి. కొడుకుని చదివించిన చేతుల్ని ఆవిడ నా ముందు దొంగసొత్తులా దాచుకుంది. దాచుకునేలా చేసింది నేను. ఆరోజు బందరులో ఆయన పక్కగదిలోనే ఉన్నారు. నా మాట విన్నారో లేదో ఇప్పటికీ అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

మంత్రాలు చదివే పెద్దాయన ముహూర్తం దాటిపోతోందని గుర్తుచేశారు. మా ఆయన ఉంగరం పట్టుకుని బియ్యం మీద గా అని మొదలుపెట్టబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.

"ముందు అత్తయ్య పేరు రాయండి" అన్నాను.

"కాగితంలో వేరే పేరు రాయించాంగా. అక్షరం కూడా కుదరదన్నావు."

"కాగితంలో ఉన్నదీ ఆవిడే. ఇక్కడ పూర్తిగా రాయండి."

ఆయన నా మొహంలోకి చూశారు. పెళ్లయిన నాలుగేళ్లలో నేను ఆయన్ని నా మాటకి ఒప్పించడం కాక, ఆయన మాటకి నేను ఒప్పుకోవడం అదే మొదటిసారి అనుకుంటా. ఉంగరంతో మెల్లిగా సుబ్బలక్ష్మి అని రాసి, కింద గారాన్స్ అని రాశారు. మా వాళ్లలో రెండు మూడు పేర్లు రాయడం ఉన్నదే కనక పెద్దాయన ఒప్పుకున్నారు. మేడం లలీకి ఖుష్నుమా హిందీ ఇంగ్లీషు కలిపి ఏదో చెప్పింది. ఆవిడ పైకి లేచి, తడిసిన గొడుగు అలాగే పట్టుకుని, ఆ పళ్లెం ముందు చాలాసేపు నిలబడింది.

ఆయన పాప చెవిలో మూడుసార్లు చెప్పారు. తర్వాత తల్లి వంతు అన్నారు పెద్దాయన.

నేను వంగాను. పాప గుప్పిళ్లు బిగించుకుని నిద్రపోతోంది. ఒక గుప్పిడి నా వేలితో విప్పాను. అరచెయ్యి ఎర్రగా ఉంది, పసిపిల్లలందరికీ ఉన్నట్టే. దాన్ని మళ్లీ మూయలేదు, నా చేతిలోనే తెరిచి పట్టుకున్నాను.

"సుబ్బలక్ష్మమ్మా" అని చెవిలో అన్నాను. "అది గోరింటాకు కాదని నాకు తెలియలేదు అత్తయ్యా."